రైఫిల్ గురికి కాంపాక్ట్ 3ఎక్స్ ప్రిజం సైట్: వెనక్కి ఇచ్చే గడువులోపు ఏమేం చూడాలి?

#1 కొత్తగురి

అందరికీ నమస్తే. రైఫిల్ ఏఆర్ తరహాది, 5.56 మిమీ తూటా, 16 అంగుళాల బ్యారెల్. వాడకం 25 నుంచి 300 మీటర్ల దాకా, కాగితం టార్గెట్లూ ఇనుప పలకలూ. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేని దోషం) వల్ల రెడ్ డాట్ సైటులో వెలిగే గురిచుక్క చుక్కలా కాకుండా చీపురుకట్టలా కనిపిస్తుంది, అందుకే ప్రిజంతో బింబాన్ని పెద్దగా చూపే ఈ సైటు. చేతిలో ఉన్నది 3ఎక్స్ (3 రెట్లు), 24 మిమీ ఆబ్జెక్టివ్ (ముందు గాజు), గాజు మీద చెక్కిన బీడీసీ రెటికిల్ (దూరాన్ని బట్టి తూటా ఎంత కిందికి పడుతుందో దానికి గుర్తులున్న గురిగీతలు), సీఆర్2032 బ్యాటరీ, గురి సర్దే క్లిక్కు అర ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం). నచ్చకపోతే వెనక్కి ఇవ్వడానికి కొద్ది రోజుల గడువుంది. ఈలోగా రేంజికి ఒక్కసారే వెళ్ళడం కుదురుతుంది.

ఇంట్లోనే తేలేవి ఏవి, కాలిస్తే తప్ప తేలనివి ఏవి? గాజు నాణ్యత ఎలా చూడాలి? అసలు ఆస్టిగ్మాటిజానికి ప్రిజం మందేనా?

#2 వక్రీభవనం

చివరి ప్రశ్న ముందు. అపోహలన్నీ అక్కడే ఉన్నాయి.

తప్పు కంటిదా, రెడ్ డాట్‌దా అన్నది మొదట తేల్చండి. డాట్‌ను ఫోన్ కెమెరాతో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా వస్తే దోషం కంటిది. ఇంకో దారి: సైటును మెల్లగా తిప్పుతూ చూడండి. తోక సైటుతోపాటు తిరిగితే సైటుది, తిరగకుండా ఉన్నచోటే ఉంటే మీది.

ప్రిజం ఆస్టిగ్మాటిజాన్ని సరిచేయదు. వెనక ఉండే డయాప్టర్ రింగు హ్రస్వదృష్టిని, దీర్ఘదృష్టిని మాత్రమే సర్దుతుంది. కళ్ళద్దాల చీటీలో సిలిండర్ అని రాసే అంకెను సర్దే భాగం అందులో ఏదీ లేదు. అయినా చాలామందికి హాయిగా ఎందుకుంటుందంటే, డాట్ ఒక కాంతి బిందువు, కంటిలో ఏ కొంచెం దోషమున్నా అది నక్షత్రంలా చిట్లిపోతుంది. చెక్కిన రెటికిల్ నల్లగీత. అంచులు కాస్త మసకబారినా గీత గీతలాగే కనిపిస్తుంది, మధ్య ఎక్కడుందో కన్ను పట్టుకోగలుగుతుంది.

దీనికో షరతుంది. చీకటి పడే వేళ కంటిపాప విప్పారుతుంది, దోషం పెరుగుతుంది. అప్పుడు ఇల్యూమినేషన్ (రెటికిల్‌ను వెలిగించే లైటు) గట్టిగా పెడితే పాత చీపురే మళ్ళీ కనిపిస్తుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం చూసి మార్కులు వేయకండి. సూర్యుడు దిగాక, లైటు వేసి, కాల్చేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకునేట్టయితే అవి పెట్టుకునే చూడండి.

డయాప్టర్ సర్దడంలోనే సగంమంది పొరపాటు పడతారు. రింగు పూర్తిగా బయటికి తిప్పేయండి. సైటును ఆకాశం వైపో, దూరంగా ఉన్న తెల్లగోడ వైపో పెట్టండి. కాసేపు దూరంగా ఉన్న చెట్టును చూసి, అప్పుడు కన్ను సైటు వెనక్కి తెచ్చి 2 సెకన్లు మాత్రం చూడండి. రెటికిల్ మసకగా ఉంటే కన్ను తీసేసి, పావు చుట్టు లోపలికి తిప్పి, మళ్ళీ చూడండి. చూస్తూ చూస్తూ తిప్పొద్దు. కన్ను తనంతట తానే సర్దుకుని తప్పు స్థానాన్ని కూడా ఒప్పేసుకుంటుంది, పది నిమిషాలకు తలనొప్పి మొదలవుతుంది. మొదటి చూపులోనే గీత పదునుగా కనిపించిన చోట ఆపి, రింగుకూ బాడీకీ కలిపి పెయింటు చుక్క పెట్టండి.

#3 టార్క్‌రెంచ్

ఏ పరీక్షకైనా ముందు మౌంటు (సైటును రైఫిల్‌కు పట్టి ఉంచే బేసు) సరిగా బిగించాలి. వదులు మౌంటుతో చేసిన పరీక్షలన్నీ వృథా. అంతకన్నా ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని రూఢి చేసుకోవాలి. కింద చెప్పే గోడ పరీక్షలకైతే బోల్టు కూడా తీసి పక్కన పెట్టేయండి.

రైలునూ (రైఫిల్ పైన సైటు కూర్చునే గాళ్ళ పట్టీ) క్లాంపునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త మౌంటుకు నూనె పూత ఉంటుంది, అది జారుతుంది. సైటును రైలు మీద పెట్టి, బ్యారెల్ మూతి వైపు నెట్టి, అలాగే పట్టుకుని స్క్రూలు బిగించండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు సైటు జడత్వం వల్ల ముందుకే పోవాలని చూస్తుంది. కింద ఉండే అడ్డుపట్టీ ముందుగానే గాడి ముందుగోడకు ఆని ఉంటే అది జరగడానికి చోటుండదు. మధ్యలో వదిలేస్తే మొదటి పది, ఇరవై రౌండ్లలో జీరో (గురిపెట్టిన చోటే తూటా పడేలా చేసిన సర్దుబాటు) కొద్దికొద్దిగా పాకుతుంది, జనం క్లిక్కుల్ని తిడతారు.

టార్క్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి. చిన్న క్లాంపు స్క్రూలకు సాధారణంగా 15–25 అంగుళం-పౌండ్లు, అంటే 1.7–2.8 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే చాలామంది దీనికి రెట్టింపు పెట్టేస్తారు, అల్యూమినియంలో మరలు ఊడిపోతాయి. రెండు స్క్రూలుంటే ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా మార్చి మార్చి బిగించాలి. నీలం థ్రెడ్‌లాకర్ వేస్తే ఒక చుక్క చాలు, తడిగా ఉన్నప్పుడు అది కందెనలా పనిచేస్తుంది కాబట్టి టార్క్‌ను పై అంచుకు తీసుకెళ్ళొద్దు. గడువులోపు వెనక్కి ఇచ్చే ఉద్దేశముంటే అసలు వేయకండి.

ఇంకొకటి. కాంపాక్ట్ ప్రిజాలు చాలావరకు రింగుల్లో కూర్చోవు, బేసు బాడీకే ఉంటుంది. రెటికిల్ వంకరగా వస్తే తిప్పి సరిచేసుకునే వీల్లేదు. రైలు మీద చిన్న రసమట్టం పెట్టి రైఫిల్‌ను సమం చేయండి. 25 మీటర్ల దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీసి, నిలువు గీత దానితో కలుస్తోందో లేదో చూడండి. స్పష్టంగా వంకర ఉంటే మిగతా పరీక్షలతో పనిలేదు, వెనక్కి పంపేయండి.

#4 కొత్తగురి

వక్రీభవనం గారూ, టార్క్‌రెంచ్ అన్నా, ధన్యవాదాలు. బిగించాను, 2 న్యూటన్ మీటర్లు. రెటికిల్ దారంతో కలుస్తోంది, డయాప్టర్ కుదిరింది. కానీ తల కొంచెం కదిలినా ఒక పక్కనుంచి నల్లనీడ వస్తోంది. ఇది నా సైటులో లోపమా, ప్రిజాలన్నీ ఇంతేనా?

#5 వక్రీభవనం

ప్రిజం సైటు పొట్టిగా ఉండటానికి ఇచ్చే మూల్యమే అది. సాధారణ రైఫిల్ టెలిస్కోపులో బింబాన్ని నిటారుగా తిప్పడానికి వరుసగా కటకాలుంటాయి, వాటికి పొడవు కావాలి. ఇందులో ఆ పని ప్రిజం చేస్తుంది, కాంతి లోపలే మడతలు పడుతుంది. గొట్టం కురచబడుతుంది, బరువు తగ్గుతుంది. దానితోపాటు కన్ను ఉండాల్సిన చోటు కూడా దగ్గరికి, ఇరుకుగా వస్తుంది. ట్రిజికాన్ కంపెనీ 1987లో తెచ్చిన ఏకాగ్ ప్రిజం సైట్ల వంశంలో టీఏ31 4ఎక్స్32 రకానికి ఐ రిలీఫ్ (వెనక గాజునుంచి కన్ను ఉండాల్సిన దూరం) 38 మిమీ మాత్రమే. ముక్కు ఛార్జింగ్ హ్యాండిల్‌కు తగులుతుంది. 5.56 తన్ను మెత్తన కాబట్టి నడిచిపోతుంది. పెద్ద తన్నుండే రైఫిల్ మీద అదే దూరంలో పెడితే కనుబొమ చిట్లుతుంది.

మీదాన్ని కొలవండి. ఆబ్జెక్టివ్ వైపునుంచి కాస్త దూరంగా టార్చి వేయండి. ఐపీస్ (కంటి వైపు గాజు) వెనక తెల్లకాగితం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. వెలుగు వృత్తం అన్నిటికన్నా చిన్నగా, అంచు పదునుగా కనిపించిన చోట ఆపి, ఐపీస్ గాజునుంచి కాగితం దాకా స్కేలుతో కొలవండి. అది ఐ రిలీఫ్. ఆ వృత్తం వ్యాసమే ఎగ్జిట్ ప్యూపిల్. 24ను 3తో భాగిస్తే 8 మిమీ రావాలి. 6 దగ్గర వస్తే లోపల ఏదో కాంతిని కోస్తోందని అర్థం, పెట్టె మీద రాసిన 24 పూర్తిగా పనిచేయడం లేదు.

8 మిమీ నిజంగా ఉంటే తలకు మంచి వెసులుబాటే. పగలు కంటిపాప 2–3 మిమీ ఉంటుంది కాబట్టి అటూ ఇటూ రెండున్నర మిల్లీమీటర్లు కదిలినా నీడ రాదు. అదే 16 మిమీ ఆబ్జెక్టివ్ ఉన్న బుల్లి 3ఎక్స్‌లో 5.3 మిమీ, 5ఎక్స్25లో 5 మిమీ. ఆ వెసులుబాటు సగమైపోతుంది. సైజు తగ్గిన కొద్దీ మెడ ఒకేచోట కుదరాలి.

నీడ మీకు ఒకే పక్కనుంచి వస్తోందన్నారు. అంటే కన్ను మధ్యలో లేదు. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప స్టాక్‌కు (రైఫిల్ వెనకభాగం) ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. నీడ నెలవంకలా ఒక పక్కన ఉంటే ఎత్తో పక్కో తేడా. చుట్టూ సమంగా నల్లటి ఉంగరంలా ఉంటే దూరం తేడా: సైటును ఒక గాడి ముందుకో వెనక్కో మార్చి చూడండి. పికటినీ రైలు గాళ్ళ మధ్య దూరం 10 మిమీ, ఒక్క గాడితో కథ మారిపోతుంది. నిలబడి, కూర్చుని, బోర్లా పడుకుని మూడు రకాలుగా చూడాలి. పడుకున్నప్పుడు తల ముందుకు వెళ్తుంది. నిలబడి సర్దినదాన్ని అలాగే వదిలేస్తే పడుకున్నప్పుడు ఐపీస్ కళ్ళద్దానికి కొడుతుంది.

నన్నడిగితే కాంపాక్ట్ ప్రిజాన్ని ఉంచుకోవాలా వద్దా అన్నది 80 శాతం ఈ ఒక్క పరీక్షలోనే తేలాలి. మూడు స్థానాల్లోనూ కళ్ళు తెరవగానే నిండు వృత్తం కనిపించకపోతే, గాజు ఎంత మెరిసినా అది మీ సైటు కాదు.

#6 ఆరురెట్లు

ఇంత మెడ వ్యాయామం దేనికండీ? 1–6 ఎల్‌పీవీఓ (1 నుంచి 6 రెట్ల దాకా జూమ్ అయ్యే స్కోపు) పెట్టుకుంటే ఒక్కదాంట్లో అన్నీ ఉంటాయి. 300 మీటర్లకు 3ఎక్స్ చాలదు, దగ్గరికి 3ఎక్స్ ఎక్కువ. రెంటికీ చెడ్డ రేవడి.

#7 తేలికరైఫిల్

ఆరురెట్లు అన్నా, మీ 1–6ఎక్స్24ను 6 మీద పెడితే ఎగ్జిట్ ప్యూపిల్ 4 మిమీ. మెడ వ్యాయామం అక్కడా తప్పదు. మౌంటుతో కలిపి బరువు 700 గ్రాముల చుట్టూ తిరుగుతుంది, కాంపాక్ట్ ప్రిజం దానిలో సగం కూడా ఉండదు. రెటికిల్ సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (అంటే జూమ్ చేసినా గీతల సైజు మారకపోతే) బీడీసీ గుర్తులు ఒక్క జూమ్ దగ్గరే నిజం. ప్రిజంలో జూమ్ రింగే లేదు, గుర్తుల విలువ ఎప్పుడూ ఒకటే. 300 దాటి పలక అంచును చూసి కొట్టాలంటే మాత్రం మీరే రైటు.

దగ్గరి దూరాలకు రెండు కళ్ళూ తెరిచి వాడతారు. ట్రిజికాన్ స్థాపకుడు గ్లిన్ బిండన్ పేరుతో బిండన్ ఏమింగ్ కాన్సెప్ట్ అంటారే, అదే. రైఫిల్ కదులుతున్నప్పుడు పెద్దదైన బింబం గజిబిజి అవుతుంది, మెదడు దాన్ని వదిలేసి ఖాళీ కంటి దృశ్యం మీద వెలిగే రెటికిల్‌ను అతికిస్తుంది. ఇది అందరి కళ్ళకూ ఒకేలా కుదరదు. రెండు కళ్ళ చూపు రేఖలు కొద్దిగా తేడాగా ఉండేవాళ్ళకు గురి పక్కకు జారుతుంది. పరీక్ష సులువు: ఆబ్జెక్టివ్‌కు మూత పెట్టి, ఇల్యూమినేషన్ వేసి, రెండు కళ్ళతో 10 మీటర్ల దూరంలో గోడ మీది గుర్తుపై రెటికిల్ పెట్టండి. రైఫిల్ కదలకుండా ఎవరిచేతైనా మూత తీయించి చూడండి. రెటికిల్ ఒక అరచేయి వెడల్పు పక్కన ఉంటే, దగ్గర్లో ఈ పద్ధతి మీకు పనికిరాదు. ఒక కన్ను మూయాలి, లేదా పక్కకు వంచిన చిన్న డాట్ పెట్టుకోవాలి.

#8 టార్క్‌రెంచ్

క్లిక్కుల పరీక్షకు వద్దాం. కాల్చి పరీక్షించడం దండగ. 5 రౌండ్లకు 2 ఎంఓఏ గ్రూపు (రంధ్రాలు చెదిరిన వెడల్పు) ఇచ్చే రైఫిల్లో ఒక్కో తూటా ఒక్కో దిశలో దాదాపు 0.65 ఎంఓఏ చెదురుతుంది. 3 రౌండ్లు కాల్చి వాటి మధ్యబిందువు తీసుకుంటే అందులోనే దాదాపు 0.4 ఎంఓఏ అనుమానం ఉంటుంది. అర ఎంఓఏ క్లిక్కు బాగుందో లేదో దాంతో ఏం తేలుతుంది?

రైఫిల్‌ను మెత్తటి గుడ్డ చుట్టి వైస్‌లో బిగించండి. 25 మీటర్ల దూరంలో గోడకు గీతల కాగితం అంటించండి. 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 29.1 మిమీ, 25 దగ్గర 7.27 మిమీ. 40 క్లిక్కులు అంటే 20 ఎంఓఏ, రెటికిల్ 145 మిమీ జరగాలి. పైకి 40, కుడికి 40, కిందికి 40, ఎడమకు 40. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. నాలుగు మూలలూ గీసుకోండి. పైకి వెళ్ళేటప్పుడు పక్కకు కూడా జరుగుతోందా, మొదటి రెండు మూడు క్లిక్కులకు ఏమీ కదలక తర్వాత ఒక్కసారిగా దూకుతోందా చూడండి. ఆ రెండోది స్ప్రింగు వైపు నిర్జీవ తిప్పుడు. చవక ప్రిజాల్లో మామూలే. ఎప్పుడూ ఒకే దిశనుంచి వచ్చి ఆగడం అలవాటు చేసుకుంటే దాంతో బతకొచ్చు.

#9 కొత్తగురి

చేశాను. 145కు బదులు 138 వచ్చింది. తిరిగి రావడం 3 మిమీ తేడాతో వచ్చింది. 5 శాతం తక్కువ. పంపేయమంటారా?

#10 వక్రీభవనం

ఆగండి, ఆగండి. మీ సైటు పారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే రెటికిల్ కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) రాకుండా 100 మీటర్లకు సెట్ చేసి ఉంటుంది, మీరు చూస్తున్నది 25 దగ్గర. కన్ను మధ్యనుంచి అంచుకు జరిగితే వచ్చే గరిష్ఠ తేడా = ఆబ్జెక్టివ్ వ్యాసార్ధం × (దూరాల తేడా ÷ పారలాక్స్ దూరం). 12 × 75 ÷ 100 = 9 మిమీ. అంటే మీ 7 మిమీ లోటు మొత్తం తల కదలికే కావచ్చు. అట్టముక్కకు 2 మిమీ రంధ్రం చేసి, ఐపీస్ వెనక సరిగ్గా మధ్యలో ఉండేలా సెల్లోటేపుతో నిలపండి. దాంట్లోంచే చూడండి. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టినా సరే. ఇంకో సంగతి, 25 మీటర్లు టేపుతో కొలిచారా, అడుగులతోనా? 25 సెంటీమీటర్ల పొరపాటుకు 1 శాతం పోతుంది.

#11 కొత్తగురి

అడుగులతోనే కొలిచాను, ఒప్పుకుంటున్నాను. టేపు పెట్టాక 24.4 మీటర్లు వచ్చింది. సరిచేసి, అట్టరంధ్రంతో చూస్తే 144. తిరిగి వచ్చినప్పుడు తేడా కనిపించలేదు.

#12 టార్క్‌రెంచ్

ఇక క్లిక్కుల సంగతి వదిలేయండి. 1 శాతం లోపు. ఇది ఒకసారి జీరో చేసి మూత పెట్టేసే సైటు, దూరం మారినప్పుడల్లా టర్రెట్ (క్లిక్కుల మర) తిప్పేది కాదు. నిజానికి 5 శాతం తేడా ఉన్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు, తిరిగి రాకపోతే మాత్రం వదిలేవాణ్ణి కాదు.

అదే వైస్, అదే కాగితం ఉండగానే ఇంకోటి చేసేయండి. రెటికిల్‌లో మధ్య గుర్తునుంచి కింద ఉన్న ఒక్కో బీడీసీ గుర్తు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో పడుతోందో కొలిచి రాసుకోండి, 7.27తో భాగిస్తే ఎంఓఏ వస్తుంది. తూటాలెక్క గారికి పనికొస్తుంది.

#13 తూటాలెక్క

అవును, ఆ అంకెలే కావాలి. బీడీసీ పక్కన "3", "4" అని రాసి ఉన్నంత మాత్రాన అవి మీ 300, 400 కావు. ఎవరిదో ఒక తూటాకు, ఒక వేగానికి, రైలు మీద ఒక ఎత్తుకు లెక్కగట్టినవి. 5.56లో 55 గ్రెయిన్, 62 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటాలకే వేగాల్లో తేడా ఉంటుంది. బ్యారెల్ 20 నుంచి 14.5 అంగుళాలకు తగ్గితే ఇంకా తగ్గుతుంది. వేగం 10 శాతం తగ్గితే అదే దూరానికి పడిపోవడం దాదాపు 23 శాతం పెరుగుతుంది, ఎందుకంటే పతనం పట్టే కాలం వర్గాన్ని బట్టి ఉంటుంది. 300 దగ్గర 4 ఎంఓఏ పట్టాల్సింది 5 అవుతుంది. ఆ ఒక్క ఎంఓఏ అక్కడ 8.7 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల పలకకు తగలొచ్చు, 15 పలక అంచు దాటిపోవచ్చు.

కాబట్టి గుర్తుల్ని పేర్లతో కాకుండా ఎంఓఏలతో చూడండి. మీ తూటా వేగం, బాలిస్టిక్ కోఎఫిషియంట్ (తూటా గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె), బ్యారెల్ మధ్యనుంచి సైటు మధ్య దాకా ఎత్తు కాలిక్యులేటర్లో వేయండి. ఒక్కో గుర్తు ఏ దూరానికి సరిపోతుందో అదే చెబుతుంది. "3" అని రాసినది మీ రైఫిల్లో 275 కావచ్చు. నష్టమేం లేదు, స్టాక్ మీద చిన్న చీటీ అంటించుకుంటే సరి.

#14 ఆరురెట్లు

జీరోకు ఇంత చదువు అవసరం లేదు, 25 మీటర్ల దగ్గర మధ్యలో పడేట్టు చేస్తే 300 దాకా అన్నీ వాటంతటవే కుదురుతాయి.

#15 తూటాలెక్క

కుదరవు. ఏఆర్ రైలు మీద 39 మిమీ ఎత్తున ఉండే ప్రిజం అంటే బ్యారెల్ మధ్యనుంచి దాదాపు 68 మిమీ. 25 దగ్గర సరిగ్గా మధ్యలో పడేట్టు చేస్తే తూటా ఏటవాలుగా పైకెక్కుతూనే ఉంటుంది. 100 దగ్గర 15 సెంటీమీటర్ల పైన, 200 దగ్గర 20 దాటి పైన పడుతుంది. మనిషెత్తు టార్గెట్‌కు అది చెల్లుతుందేమో, చిన్న పలకకు చెల్లదు. పైగా బీడీసీ గుర్తులన్నీ 100 జీరో మీద ఆధారపడి ఉంటే ఒక్కటీ పనిచేయదు. ముందు మాన్యువల్‌లో ఏ దూరానికి జీరో చేయమన్నారో చూడండి.

100 జీరోకే వెళ్దామనుకుంటే, 25 దగ్గర దాదాపు 4 సెంటీమీటర్లు కింద పడేట్టు పెట్టుకుని, తర్వాత 100 దగ్గర సరిదిద్దుకోండి. 50 జీరో అయితే 100 దగ్గర 3–4 సెంటీమీటర్లు పైన, 200 దగ్గర మళ్ళీ మధ్యలో. బీడీసీ లేని రెటికిల్‌కు అది హాయి. మీ రెటికిల్‌కు 100.

#16 కొత్తగురి

పారలాక్స్ 100 దగ్గర సెట్ అయితే 300 దగ్గర ఎంత తప్పుతుంది? అక్కడ భయపడాలా?

#17 వక్రీభవనం

అదే సూత్రం. 12 × 200 ÷ 100 = 24 మిమీ, అదీ కన్ను పూర్తిగా అంచున ఉంటే. 2 ఎంఓఏ గ్రూపు అక్కడ 17 సెంటీమీటర్లుంటుంది, అందులో ఇది కలిసిపోతుంది. భయం అక్కర్లేదు. కాకపోతే 100 అన్నది నిజమో కాదో చూడాలి. రైఫిల్‌ను సంచి మీద కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా తల మాత్రం అటూ ఇటూ కదపండి. రెటికిల్ టార్గెట్ మీద ఈదకుండా నిలిచే దూరమే అసలు సెట్టింగు. 70 నుంచి 150 మధ్య ఎక్కడున్నా సరే. ఫ్యాక్టరీలో తప్పుగా 20 మీటర్ల దగ్గర కూర్చుని ఉంటే మాత్రం 300 దగ్గర 12 × 280 ÷ 20 = 168 మిమీ. అది పంపేయాల్సిన సైటు.

గాజు సంగతి అడిగారు కదా. 3ఎక్స్ సైటులో గాజు గురించి జరిగే చర్చలో సగం గాలికబుర్లు. మంచి కన్ను 60 ఆర్క్ సెకన్లు విడదీస్తుంది, 3 రెట్లు పెంచితే 20. 24 మిమీ ఆబ్జెక్టివ్ సిద్ధాంతపరంగా 5 దాకా విడదీయగలదు. మీ కంటికన్నా ఆబ్జెక్టివ్ దగ్గర నాలుగు రెట్లు మిగులు ఉంది, కాబట్టి నడిమధ్య పదును దాదాపు ఏదైనా ఇస్తుంది. చూడాల్సింది వేరే. సూర్యుడు ముందుపక్కగా, కాస్త ఎత్తులో ఉన్నప్పుడు నీడలో ఉన్న వస్తువును చూడండి, బింబం పాలు కలిపినట్టు తెల్లబారుతోందా? (సూర్యుడి వైపు నేరుగా పెట్టొద్దు, కన్ను పోతుంది.) ఆకాశం ముందున్న నల్లటి స్తంభం అంచున ఊదారంగు మధ్యలో కూడా ఉందా, అంచుల్లోనేనా? అంచుల్లో ఉంటే పట్టించుకోవద్దు.

#18 తేలికరైఫిల్

ఇల్యూమినేషన్ గురించి ఎవరూ రాయలేదు. చెక్కిన రెటికిల్ బ్యాటరీ లేకున్నా ఉంటుంది, నిజమే. కానీ చీకటి పొద ముందు నల్లగీత కనిపించదు. అంటే బ్యాటరీ "అదనం" కాదు, సాయంత్రానికి అవసరమే. పగలు ఎండలో ఉన్న తెల్లగోడ మీద గరిష్ఠ సెట్టింగులో ఎరుపు కనిపిస్తోందా చూడండి. చాలా ప్రిజాల్లో అది ఎరుపు కాదు, ముదురు గోధుమ. రాత్రి కనిష్ఠ సెట్టింగులో చూస్తే గీతల చుట్టూ ఎర్రటి పొగ చిమ్మకూడదు.

మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ మూత తీసి, బ్యాటరీకీ మూతకూ మధ్య మిల్లీయాంపియర్లు కొలవండి. సీఆర్2032లో దాదాపు 220 మిల్లీయాంపియర్-గంటలుంటాయి. 0.1 తాగితే 2200 గంటలు, అంటే మూడు నెలలు. గరిష్ఠంలో 5 తాగితే కాగితం మీద 44 గంటలు, నిజానికి ఇంకా తక్కువ, ఆ బిళ్ళకు అంత కరెంటు ఇవ్వడం చేతకాదు. ఆపేశాక కూడా కొలవండి. ఆఫ్‌లో సున్నా కాకుండా 0.05 కనిపిస్తే ఆరు నెలల్లో బ్యాటరీ ఊరికే ఖాళీ.

#19 టార్క్‌రెంచ్

రేంజి ఒక్కసారే అన్నారు కాబట్టి రౌండ్ల లెక్క ఇదిగో. ఒకే పెట్టెలోని ఒకే రకం రౌండ్లు 45 తీసుకెళ్ళండి. 25 దగ్గర 5, దారిలో పెట్టడానికి. 100 దగ్గర 10 కాల్చి మధ్యబిందువు చూసి సర్దండి, సర్దాక ఇంకో 10. ఇప్పుడు సైటు తీసి, అదే గాడిలో, అదే టార్క్‌తో మళ్ళీ బిగించి 10. రెండు పదుల మధ్యబిందువులకు అర ఎంఓఏ లోపు తేడా ఉంటే మౌంటు బాగున్నట్టే, అంతకన్నా చిన్న తేడాను 10 రౌండ్లు పట్టుకోలేవు. మిగిలిన 10 తూటాలెక్క గారి చీటీ ప్రకారం 300 మీద. ఒక ఇనుప పలక, దాని చుట్టూ పెద్ద అట్ట ఉంటే తప్పినవి కూడా తెలుస్తాయి.

స్క్రూల తలకూ బాడీకీ కలిపి పెయింటు గీత వెళ్ళేముందే గీయండి. వచ్చాక గీత విరిగి ఉంటే జీరో తేడాకు కారణం సైటు లోపల వెతకక్కర్లేదు.

#20 కొత్తగురి

కుదిరింది. తీసి బిగించాక మధ్యబిందువు 9 మిమీ జరిగింది, 100 దగ్గర. గీతలు విరగలేదు. పారలాక్స్ 110 చుట్టూ నిలిచింది. 300 దగ్గర "3" గుర్తు పట్టుకుంటే గ్రూపు మధ్య 6 సెంటీమీటర్లు కింద పడింది, కాలిక్యులేటర్ 5 అంది. ఆఫ్‌లో కరెంటు సున్నా. బోర్లా పడుకున్నప్పుడు మాత్రం ఐపీస్ కళ్ళద్దానికి తాకింది. ఒక గాడి ముందుకు జరిపితే నిలబడినప్పుడు చుట్టూ సన్నటి నల్ల ఉంగరం వస్తోంది.

#21 వక్రీభవనం

గాడి ముందుకు జరిపే ఉంచి, స్టాక్‌ను ఒక మెట్టు లోపలికి తెచ్చి నిలబడి చూడండి. ఉంగరం పోతే ఉంచుకోండి. పడుకునేటప్పుడు స్టాక్ మళ్ళీ ఒక మెట్టు బయటికి. మెట్టు మార్చినా ఉంగరం అలాగే ఉండి, మీరు ఎక్కువగా కాల్చేది నిలబడే అయితే, గడువు దాటకముందే ఐ రిలీఫ్ 70 మిమీ పైనున్న దాంతో మార్చుకోండి. గాడి మార్చారు కాబట్టి ఎలాగైనా 100 దగ్గర ఇంకో 10 కాల్చి జీరో సరిచూసుకోవాలి.